పశువుల ఉప్పు కూరలో వేయవచ్చునా?

దాణాలో కలపడానికి తెచ్చిన ఉప్పు మూట కొట్టంలో ఉంటుంది. ఇంట్లో ఉప్పు నిండుకొని, దుకాణం మూసివేసిన వేళ అందులోనుండి పిడికెడు తీసి కూరలో వేస్తే ఏమవుతుందన్నది మన సభ్యులలో చాలామందికి కలిగే సందేహమే. చౌకగా వస్తున్నది గనుక ఏడాది పొడవునా ఇంటికి కూడా అదే వాడుకోరాదా అని తలచేవారు లేకపోలేదు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకటి కాదు.

మూలపదార్థం మాత్రం ఒకటే. నౌపడలోగాని, చినగంజాంలోగాని సముద్రపు నీటిని మడులలో ఎండగట్టి తీసిన దొడ్డుప్పు అయినా, సంచిలో వచ్చే సన్నుప్పు అయినా అందులో అధికభాగం సోడియం క్లోరైడే. కావున అది కలగాపులగం కాని, శుభ్రమైన ఉప్పేనని రూఢిగా తెలిసినట్లయితే ఒక పూట కూరలో వేసినందువలన ఎవరికీ ప్రమాదం రాదు. అయితే మనుషులు తినే ఉప్పుకు ప్రభుత్వం కొన్ని ప్రమాణాలు నిర్ణయించింది. తేమ తీసివేసి లెక్కించినప్పుడు నూటికి 96 పాళ్లకు తక్కువ కాకుండా సోడియం క్లోరైడు ఉండాలి; నీటిలో కరగని మట్టి, ఇసుక వంటివి నూటికి 1 పాలు మించరాదు. పశువుల కోసమని అమ్మే ఉప్పును ఈ ప్రమాణాలతో పరీక్షించి ఇస్తారని అనుకోవడానికి వీలులేదు.

అంతకంటే ముఖ్యమైనది అయోడిన్ సంగతి. ఇది చాలనప్పుడు గొంతు వద్ద గ్రంథి ఉబ్బి గాయిటర్ వస్తుంది. పైకి కనబడే ఆ వాపు కంటే కనబడని నష్టమే పెద్దది. గర్భిణీ స్త్రీకి అయోడిన్ బాగా కొరవడితే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. పుట్టిన తరువాత ఎంత మందు ఇచ్చినా ఆ లోటు పూర్తిగా తీరదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 మైక్రోగ్రాములు అవసరం. గ్రాములో పదిలక్షవ వంతు ఒక మైక్రోగ్రాము అంటే, ఎంత స్వల్పమో ఊహించుకోవచ్చు. ఆ కాస్తా లేకనే ఇంత నష్టం.

దీనికి ఉప్పు ద్వారా పరిష్కారం చూపినవారిలో మన తెలుగు డాక్టరు ఒకరు ఉండడం సంతోషించదగిన విషయం. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వి. రామలింగస్వామి, నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న కాంగ్రా లోయలో 1956లో తన సహచరులతో కలిసి కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మరొక ప్రాంతానికి మామూలు ఉప్పును సరఫరా చేయించి చూశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న పిల్లలలో గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశంలో గాయిటర్ నివారణ పథకం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం 1998లో వచ్చి, 2000లో తొలగి, 2006 మే 17 నుండి తిరిగి అమలులోకి వచ్చింది. దుకాణంలో అమ్మే ఉప్పులో పదిలక్షల పాళ్లకు కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలి. పశువులకు, పరిశ్రమలకు అమ్మే ఉప్పుకు ఈ నిబంధన లేదు. అది దేనికోసమో సంచి మీద వ్రాయవలసి ఉంటుంది. కావున సంచి మీది అక్షరాలు చదవండి, చదవలేనివారు బడికి పోయే పిల్లలచేత చదివించుకొనండి.

పట్నాలలో గాజుతొట్టిలో రంగుచేపలు పెంచేవారు నీటిలో వేసే ఉప్పు కూడా ఇటువంటిదే. అదీ చాలావరకు అయోడిన్ లేని సోడియం క్లోరైడే. సముద్రపు చేపల కోసం అమ్మేదానిలో ఇతర లవణాలు కూడా కలిసి ఉంటాయి. చేపకు మేలు చేసేది గనుక మనకూ చేస్తుందనుకోవడం సరికాదు.

అసలు భయపడవలసింది ఉప్పును చూసి కాదు, ఉప్పులా కనబడే వాటిని చూసి. పాడి రైతు కొట్టంలో ఎన్ని తెల్లని పొడులు ఉంటాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. నూరు కిలోల వరిగడ్డికి 4 కిలోల చొప్పున నీటిలో కరిగించి చల్లే యూరియా ఉంటుంది. పాల క్యాన్లు కడిగే సోడా ఉంటుంది. వాటిలో కాస్టిక్ సోడా అయితే నోరు, గొంతు కాలిపోతాయి. ఖనిజ లవణ మిశ్రమంలో మైలుతుత్తం వంటివి పశువుకు తగిన మోతాదులో కలుపుతారు. అందులో అయోడిన్ ఉన్నా అది మనిషి తిండి కాదు. యూరియా వచ్చిన ఖాళీ సంచిలోనే ఉప్పు పోసి ఉంచే అలవాటు మన పల్లెలలో ఉన్నది. చీకట్లో దీపం పట్టుకొని వచ్చిన కోడలికి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? రుచి చూసి గుర్తుపట్టవచ్చును అనుకుంటే అదే పెద్ద పొరపాటు. ఎరువు సంచులలో ఉప్పు పోయడం మానివేసి, సోడా, యూరియా పిల్లలకు అందని చోట వేరుగా పెట్టాలి. ఎవరైనా పొరపాటున మింగినట్లయితే బలవంతంగా కక్కించకుండా, ఆ సంచినో డబ్బానో వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వంటింటి ఉప్పు విషయంలో ఒక మాట. చెమ్మ, ఎండ తగిలితే అయోడిన్ తగ్గుతుంది గనుక మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తక్కువ తినేటప్పుడు ఆ తినేది అయోడిన్ ఉప్పే కావడం మరింత అవసరం.

మన ఉప్పును పశువులకు పెట్టవచ్చునా అంటే నిరభ్యంతరంగా పెట్టవచ్చు. చెమ్మగిల్లి గడ్డకట్టిన ఉప్పు ఉంటే దాణాలో నూటికి 1 పాలు చొప్పున కలపండి, ఖర్చు కొంత కలిసి వస్తుంది. అయితే తొక్కు జాడీలు కడిగిన ఉప్పునీళ్లు మొత్తం ఒకే బర్రె కుడితిలో పోయకండి. ముఖ్యంగా ఎండాకాలంలో, తాగడానికి నీళ్లు చాలనప్పుడు, ఎక్కువైన ఉప్పు పశువుకు విషమవుతుంది.