పట్టేసిన ఆయిలింజను

కరెంటు మోటార్లు రాకముందు మన ఊళ్లలో చేలకు నీళ్లు తోడింది, మిల్లుల్లో వడ్లు ఆడించింది ఆయిలింజనే. మాలో కొందరి ఇళ్ల వెనుక అది ఇంకా తుప్పు పట్టి పడి ఉంది. పాత ఇనుము కింద తూకానికి అమ్మేముందు ఈ నాలుగు మాటలు చదవమని డీజిల్ మెకానిక్ ట్రేడు చదివిన మా విన్నపం.

రాజ్‌కోట్ నుంచి వచ్చిన చాలా ఇంజన్లకు నమూనా ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో తయారైన లిస్టర్ సి.ఎస్. ఇంజను. ఒకటే సిలిండరు, 6 గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు. ఇలాంటి నిదానపు ఇంజన్లను ఆ దేశంలో ఇప్పటికీ బాగుచేసి కాలువ పడవల్లో బిగించుకుంటారు. అక్కడి పాత కాలువల లాకులు (మన ధవళేశ్వరం లాకుల్లాంటివే) చాలాచోట్ల ఏడడుగుల వెడల్పే. అందుకే పడవలు సన్నగా, 70 అడుగుల దాకా పొడవుగా ఉంటాయి. మొదట గట్టు మీద నడిచే గుర్రాలు వాటిని లాగేవి. 1912 నుంచి ఆయిలింజన్లు రావడం మొదలైంది. కాలువలో గంటకు 4 మైళ్ల వేగం దాటకూడదు కనుక నిదానంగా తిరిగే ఇంజను, పెద్ద పంకా అక్కడ బాగా కుదురుతాయి.

పడవలోదైనా పొలంలోదైనా పని ఒకటే. ఏళ్ల తరబడి తిరగని ఇంజనులో రింగులు తుప్పుతో సిలిండరుకు అంటుకుపోతాయి. దీన్నే పట్టేయడం అంటాం. హెడ్డు విప్పి, పిస్టను మీద డీజిలు, కిరసనాయిలు కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. రోజూ చక్రాన్ని అటూ ఇటూ కొద్దిగా కదిలించి చూడాలి. మేము మొదటిసారి రెండు రోజులు కూడా ఆగలేక నేరుగా సుత్తి వేశాం. పోత ఇనుము పిస్టను కాస్తా పగిలింది. ఆ ఖర్చు తలా ఇంత వేసుకున్నాం.

ఊడిన తర్వాత సిలిండరును పైన, మధ్యన, కింద కొలవాలి. అరుగుదల ఎక్కువగా ఉంటే బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టను వేయాలి. తిరిగి బిగించాక పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఖాళీ ఎంతుందో చూడటానికి మెత్తని సీసపు తీగ ముక్క లోపల పెట్టి చక్రం చేత్తో తిప్పుతారు. నలిగిన తీగ మందమే ఆ ఖాళీ. ఇంత చవకైన పరికరం ఇంకోటి మేము చూడలేదు.

నాజిలు పరీక్షించేటప్పుడు చిమ్మే డీజిలు కింద వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి చర్మంలోకి దూరిపోతుంది. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే విరిగేది ఆ వేలే. డీజిలు ఆపినా ఇంజను ఆగకుండా పరుగెత్తితే గాలి గొట్టం మూయాలి. అందుకు ఒక చెక్క పలకను స్టార్టు చేయకముందే పక్కన పెట్టుకోండి. అరచేయి అడ్డం పెట్టకండి.