అతిథి యంత్రమున స్మృతిస్వభావ నిర్ణయము

కంప్యూటరు స్మృతిని గూర్చి మాటలాడునపుడు సాధారణముగా దాని పరిమాణమునే గణింతుము. స్మృతి యనగా ఇచట మెమరీ. ధర్మశాస్త్రములతో దీనికి సంబంధము లేదు. ఈ స్మృతికి పరిమాణముతోపాటు స్వభావమను మరియొక లక్షణము కలదు. ఒక చిరునామాయందలి విషయమును ప్రాసెసరు తన చెంతనున్న చిన్న నిలువలో, అనగా క్యాష్‌లో, దాచుకొనవచ్చునా కూడదా యనునదే ఆ స్వభావము. దానిని నిర్ణయించుట ఆపరేటింగ్ సిస్టమ్‌నకు గర్భభాగమగు కెర్నల్ పని. ఒక యంత్రములో మరియొక యంత్రము నడచునట్లు కల్పించు వర్చువలైజేషన్ పద్ధతి వ్యాపించిన పిదప ఆ యధికారము పలువురి చేతులకు చేరినది. అందెవరి మాట చెల్లవలెను? ఎక్స్86 ప్రాసెసర్లను, లైనక్స్ కెర్నల్‌ను ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను పరిశీలింతుము.

ప్రాసెసరు ప్రధానస్మృతికంటె మిక్కిలి వేగము కలది. కావున తనకు వలయు విషయమును 64 బైట్ల వరుసలుగా క్యాష్‌లోనికి తెచ్చుకొని, మార్పులను గూడ అందే చేసి, అవకాశమును బట్టి ప్రధానస్మృతికి పంపును. దీనికి రైట్‌బ్యాక్ అని పేరు. సామాన్యస్మృతికి ఇదియే తగిన స్వభావము. కాని కొన్ని చిరునామాల వెనుక స్మృతి యుండదు. ఒక పరికర ముండును. అచట వ్రాసిన సంఖ్య యొక ఆజ్ఞ. చదివిన సంఖ్య ఆ క్షణమునందలి స్థితి. ఆజ్ఞ క్యాష్‌లో నిలిచిపోయినచో పరికరమునకు చేరదు. క్యాష్‌లోని పాత సంఖ్యను చదివినచో స్థితి తప్పుగా తెలియును. అట్టిచోట అన్‌క్యాషబుల్ అను స్వభావమును విధింపవలెను. తెరపై బొమ్మను నిలుపు స్మృతి ఈ రెంటికి నడిమిది. దానిని చదువుట అరుదు, వ్రాయుట మెండు. పెక్కు వ్రాతలను కూర్చి యొక్కమారుగా పంపు రైట్‌కంబైనింగ్ దానికి అనుకూలము. రైట్‌త్రూ, రైట్‌ప్రొటెక్ట్ అను మరి రెండు స్వభావములు గూడ కలవు.

ఈ స్వభావములను తెలుపు సాధనములు రెండు. 1995లో వెలువడిన పెంటియమ్ ప్రో ప్రాసెసరుతో వచ్చిన ఎమ్.టి.ఆర్.ఆర్. అను రిజిస్టర్లు మొదటివి. ఇవి భౌతిక చిరునామాల విస్తృతభాగములకు స్వభావమును చెప్పును. యంత్రము ప్రారంభమగునపుడు ఫర్మ్‌వేర్ వీనిని నింపును. వీని సంఖ్య మితము. 1999 నాటి పెంటియమ్ 3తో వచ్చిన పాట్ అను పట్టిక రెండవది. దీనియందు 8 గడులు కలవు. 4096 బైట్ల ప్రతి పుటకును పుటల పట్టికలో నుండు మూడు బిట్లు ఆ గడులలో నొకదానిని సూచించును. వ్యాకరణ పరిభాషలో మొదటిది ఉత్సర్గమువంటిది, రెండవది అపవాదమువంటిది. అయితే అపవాదము ఇచట నెల్లప్పుడును గెలువదు. ఎమ్.టి.ఆర్.ఆర్. అన్‌క్యాషబుల్ అన్నచోట పాట్ రైట్‌బ్యాక్ అన్నను చెల్లదు. రైట్‌కంబైనింగ్ అన్నచో చెల్లును. ఎమ్.టి.ఆర్.ఆర్. రైట్‌బ్యాక్ అన్నచోట పాట్ అన్‌క్యాషబుల్ అన్నచో పాట్ మాటయే నిలుచును.

మరియొక నియమము కలదు. ఒకే భౌతికపుటను రెండు చిరునామాలతో, రెండు భిన్నస్వభావములతో వాడరాదు. వాడినచో ఒక దారిని వ్రాసినది రెండవ దారిని కనబడకపోవచ్చును. కావున లైనక్స్ కెర్నల్ ఏ భాగమునకు ఏ స్వభావ మిచ్చినదో జాబితా నుంచుకొని, దానికి విరుద్ధమగు కోరికను తిరస్కరించును.

ఇక అతిథి యంత్రము. దాని కెర్నల్ భౌతికమని తలచు చిరునామా నిజమునకు భౌతికము కాదు. ఆతిథేయి యంత్రమునందలి హైపర్‌వైజర్ రెండవ పుటల పట్టికద్వారా దానిని అసలు చిరునామాగా మార్చును. ఇంటెల్ ప్రాసెసర్లలో 2008 నుండి కనబడు ఈ పట్టికకు ఇ.పి.టి. అని పేరు. దాని ప్రతి పద్దులోను స్వభావమును తెలుపు మూడు బిట్లతోపాటు, అతిథి పాట్‌ను లెక్కింపవలదని చెప్పు బిట్టొకటి కలదు. లైనక్స్‌లోని కె.వి.ఎమ్. అను హైపర్‌వైజర్ సామాన్యస్మృతికి రైట్‌బ్యాక్ అని వ్రాసి, ఆ బిట్టును గూడ నిలిపెడి యాచారమును అవలంబించినది. అచట పరికరములు చాలవరకు కల్పితములే యగుటచే హాని లేదు. క్యాష్‌తో పొందిక లేక స్మృతిని నేరుగా చదువు నిజమైన పరికరమును అతిథికి అప్పగించినపుడు మాత్రము అతిథి మాటను మన్నింపక తప్పదు.

ఈ యేర్పాటులోని చిక్కును రెండు సంఘటనలు తెలుపును. 2016లో క్యూఎమూ అందించు ఒకానొక కల్పిత ప్రాసెసరుపై ఎక్స్‌ఆర్గ్ అను తెరనిర్వాహకము పనిచేయకపోయినది. ఆ ప్రాసెసరునకు పాట్ కలదు, ఎమ్.టి.ఆర్.ఆర్. లేదు. లైనక్స్‌లో పాట్‌ను సిద్ధపరచు పని ఎమ్.టి.ఆర్.ఆర్. విధానములో నంతర్భాగముగా నుండెను. కావున మొదటిది లేనిచోట రెండవది సిద్ధము కాలేదు. జాబితా ఒకటి చెప్పగా కోరిక మరియొకటి యయ్యెను, కెర్నల్ తిరస్కరించెను. అట్టి స్థితిలో పాట్‌ను పూర్తిగా మానుటయే అప్పటి పరిష్కారము. జెన్ హైపర్‌వైజర్‌పై నడచు ఒక తరగతి అతిథులకు గూడ ఎమ్.టి.ఆర్.ఆర్. లేదు, పాట్ కలదు. వానికై ప్రత్యేకపుటేర్పాటులు కావలసివచ్చెను. 2022లో ఈ రెండు విధానములను విడదీసిరి. ఆ మార్పు 2023 ఫిబ్రవరిలో వెలువడిన లైనక్స్ 6.2తో లోకమునకు అందినది.

రెండవది 2024 నాటిది. కొన్ని ప్రాసెసర్లపై అతిథి పాట్‌ను ఎల్లప్పుడు మన్నింపవలెనని కె.వి.ఎమ్.ను మార్చిరి. అంతట బాక్స్ అను కల్పిత తెరపరికరమును నడపు డ్రైవర్‌లోని లోపము బయటపడెను. అది బొమ్మస్మృతిని రైట్‌కంబైనింగ్‌గా గాక అన్‌క్యాషబుల్‌గా గుర్తించుచుండెను. ఆతిథేయి ఆ గుర్తును చదువనంతకాలము అది యెవరికిని తెలియలేదు. చదివినవెంటనే కొన్ని నూతన ప్రాసెసర్లపై అతిథి యంత్రములు ప్రారంభము కాజాలనంత మందగించెను. ఆ మార్పును అదే సంవత్సరము ఉపసంహరించిరి.

ఈ రెంటినిబట్టి మేము గ్రహించిన దిది. ఒక సాధనము లేదనుట చేత మరియొకటి లేదని ఊహింపరాదు. కల్పిత యంత్రమున సాధనములు నిజయంత్రమునందువలె జంటలుగా రావు. కావున కెర్నల్ ప్రతిదానిని విడివిడిగా విచారింపవలెను. ఇక అతిథి యుంచిన గుర్తును నేడు ఆతిథేయి చదువకపోయినను రేపు చదువవచ్చును. చదువరి లేడని లేఖకుడు తప్పు వ్రాయుట యెట్లు తగదో, హైపర్‌వైజర్ లెక్కింపదని కెర్నల్ తప్పుస్వభావమును సూచించుటయు నట్లే తగదు. స్మృతిస్వభావ మొకరి యాజ్ఞ కాదు. అతిథి, ఆతిథేయి, ప్రాసెసరు మువ్వురును పాటింపవలసిన ఒడంబడిక.