అద్దెతో కిస్తీ తీరదు

సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే లోకల్ రైలు పొన్నేరి, మీంజూరు దాటి ఆత్తిపట్టు మీదుగా ఎన్నూరు చేరుతుంది. ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం, కామరాజర్ రేవు ఇక్కడికి దగ్గరే. నెల్లూరు, తిరుపతి జిల్లాల తెలుగువాళ్లకు చెన్నై పరాయి ఊరు కాదు. అందుకే చేతిలో నాలుగు డబ్బులు చేరగానే అక్కడో ఫ్లాటు కొని అద్దెకిద్దాం, ఆ అద్దెతోనే బ్యాంకు కిస్తీ కట్టేద్దాం అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరం నడిబొడ్డున అందకపోతే ఇలాంటి శివార్ల వైపు చూస్తారు. చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచుతూ 2022లో ఉత్తర్వు వచ్చాక ఆ ఆశకు ఇంకాస్త బలం వచ్చింది. కానీ అద్దె కోసమే అప్పు చేసి ఫ్లాటు కొనడం మధ్యతరగతికి నష్టపు బేరం. లెక్క వేస్తే ఆ సంగతి తేలిపోతుంది.

రూ.60 లక్షల పాత ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. మన పెద్ద నగరాల్లో ఏడాది అద్దె చాలాచోట్ల ఇంటి ధరలో రెండు మూడు శాతమే. మూడు శాతమే వేసుకున్నా నెలకు రూ.15 వేలు. తమిళనాడులో పాత ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుం 2 శాతం, కలిపి రూ.5.4 లక్షలు. అంటే అద్దెకు మనిషి దిగకముందే మూడేళ్ల అద్దె సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఖర్చయిపోయింది. రూ.15 లక్షలు చేతి నుంచి పెట్టి, మిగతా 45 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే కిస్తీ రూ.39 వేల పైచిలుకు. మొదటి నెల కిస్తీలో దాదాపు రూ.32 వేలు వడ్డీకే పోతాయి. పదిహేను వేల అద్దె అందులో సగానికి కూడా రాదు. మిగతా రూ.24 వేలు ప్రతి నెలా జీతంలోంచి తీయాల్సిందే.

'అద్దె సంగతి సరే, ధర పెరుగుతుంది కదా' అంటారు. ఎంత పెరగాలో చూద్దాం. పదేళ్లయ్యాక కూడా బ్యాంకుకు రూ.31 లక్షలకు పైగా బాకీ ఉంటుంది. మొదట పెట్టింది, రిజిస్ట్రేషన్ ఖర్చు, నెలనెలా జీతంలోంచి కట్టింది కలిపితే మరో 49 లక్షలు. పదేళ్లలో అద్దె పెరిగినా, ఆ పెరిగింది ఇంటి పన్నుకు, మరమ్మతులకు, ఖాళీగా ఉండే నెలలకు సరిపోతుంది. అంటే ఆ ఫ్లాటు దాదాపు రూ.81 లక్షలకు అమ్మితే మన డబ్బు మనకు వస్తుంది, అదీ పైసా వడ్డీ లేకుండా. పైగా ధర పెరిగేది స్థలానికి, కట్టడానికి కాదు. కట్టడం ఏటా పాతబడుతుంది. దస్తావేజులో యూడీఎస్ అని రాసే స్థలం వాటా ఎంతో కొనేవాళ్లలో చాలామంది చూడరు. అంతస్తులు పెరిగేకొద్దీ ఆ వాటా చిక్కిపోతుంది. పాతికేళ్ల తర్వాత మీ చేతిలో మిగిలే అసలు ఆస్తి ఆ కాస్త నేలే.

పన్ను మినహాయింపు మాటా అంతే. పాతదాన్ని ప్రత్యేకంగా ఎంచుకోకపోతే ఇప్పుడు వర్తించే కొత్త పన్ను విధానంలో అద్దె ఇంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు. పాత విధానంలోనూ ఏడాదికి రూ.2 లక్షలే హద్దు. శివారులో ధర తక్కువ కాబట్టి గిట్టుబాటవుతుందన్న వాదనకూ గట్టి ఆధారం లేదు. ఆత్తిపట్టులాంటి చోట అద్దెకు వెతికేవాళ్లలో కాంట్రాక్టు పనివాళ్లు ఎక్కువ. నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకునే వాళ్లకు లిఫ్టు, పార్కింగు ఉన్న రెండు పడగ్గదుల ఫ్లాటు అక్కర్లేదు. విద్యుత్ కేంద్రం బూడిద బెడద ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు ఎన్నూరు కయ్యలోకి చమురు కొట్టుకొచ్చింది. జీతం పెరగ్గానే ఇక్కడి నుంచి మారిపోవాలనుకునే కుటుంబాన్ని తప్పుపట్టలేం.

ముసలితనంలో అద్దె పింఛనులా ఉపయోగపడుతుందన్న మాటను మాత్రం కాదనలేను. అప్పు లేకుండా, లేదా చాలా తక్కువ అప్పుతో కొన్నవాళ్లకు అది నిజంగా ఆసరానే. రేపు తామే వచ్చి ఉండదలచుకున్నవాళ్లు కొనడంలోనూ అర్థం ఉంది. మిగతావాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. ఆ వీధిలో అద్దెకున్న ముగ్గురిని అడిగి ఏడాది అద్దె ఎంతో కనుక్కోండి. అది మొదటి ఏడాది వడ్డీలో సగానికి కూడా రాకపోతే ఆ బేరం వదిలేయండి.