మీకు తెలుసా? డెన్వర్ ఇళ్ల చూరు కింద గట్టర్ సంగతులు

గట్టర్ అంటే మనకు మురుగుకాలువే గుర్తొస్తుంది. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో మాత్రం గట్టర్ అంటే చూరు వెంబడి బిగించిన రేకు దోనె. కప్పు మీది నీళ్లను పట్టి, మూలనున్న గొట్టంలోంచి కిందికి దించుతుంది. అక్కడ ఇల్లు కొన్న కొత్తలో మేం దాని జోలికే పోలేదు. వానలే లేని ఊళ్లో దానికేం పని అనుకున్నాం. అది పొరపాటు.

డెన్వర్‌లో ఏడాది పొడవునా పడే వాన, కరిగిన మంచు కలిపి లెక్కేసినా సుమారు 370 మిల్లీమీటర్లే. అనంతపురంలో అంతకంటే ఎక్కువ పడుతుంది. మంచు మాత్రం నాలుగడుగులకు పైగా కురుస్తుంది. ఊరు 1,609 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి చలికాలంలోనూ ఎండ చురుక్కుమంటుంది. నిన్న కురిసిన మంచు ఇవాళ మధ్యాహ్నానికి కరిగి చూరు వెంట కారుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆకులతో పూడిన గట్టర్‌లో నీళ్లు నిలిస్తే, ఆ ఉబ్బుకు అతుకులు విడిపోతాయి, మేకులు ఊడొస్తాయి. 2003 మార్చిలో మూడు రోజుల్లో 81 సెంటీమీటర్ల మంచు పడింది. తడి మంచు, మహా బరువు. అంత బరువు మీద పడే కాలానికి గట్టర్ గట్టిగా, ఖాళీగా ఉండాలి.

చూరుకు వేలాడే మంచు ఊడలు చూడముచ్చటగా ఉంటాయి. మొదటి ఏడాది మా పిల్లలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. నిజానికి చాలాసార్లు అవి ఇల్లు పెట్టే మొర. లోపలి వేడి అటక దాటి పైకి పోతుంటే కప్పు నడుమ మంచు కరుగుతుంది. ఆ నీరు చల్లటి చూరు దాకా వచ్చి గడ్డకట్టి, ఆనకట్టలా నిలుస్తుంది. వెనక చేరిన నీళ్లు కప్పు మీద పరిచిన షింగిల్స్ అనే పలకల కిందికి దూరి గోడలోకి దిగుతాయి. గట్టర్ పూడి ఉంటే ఇది ముదురుతుంది. శుభ్రం చేసినంత మాత్రాన పూర్తిగా పోదు, అటక నుంచి వేడి పోకుండానూ చూసుకోవాలి. సుత్తి పట్టుకుని ఆ మంచును పగలగొట్టొద్దు, కప్పు దెబ్బతింటుంది.

మన నల్లరేగడికీ డెన్వర్ మట్టికీ చుట్టరికం ఉందని తెలుసా? అక్కడ చాలా పేటల కింద బెంటొనైట్ బంకమట్టి ఉంది. అగ్నిపర్వతాల బూడిద మారి ఏర్పడిన మట్టి అది. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమే మన రేగడిలోనూ ఉంది. వేసవిలో కాలు దూరేంత నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బే రేగడిని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వెయ్యి చదరపుటడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,360 లీటర్ల నీళ్లు. గట్టర్ పూడి అవన్నీ పొంగి పునాది పక్కనే పడితే ఒక మూల నేల ఉబ్బుతుంది, ఇంకో మూల పొడిగా ఉండిపోతుంది. నేలమాళిగ గోడ బీటలిస్తుంది. గట్టర్ బాగు చేస్తే చాలదు, కింది గొట్టం నీళ్లను పునాదికి కనీసం ఐదడుగుల దూరం దాటించాలి. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం ఇదే.

గట్టర్‌లో నిప్పు భయమూ ఉంది. 2021 డిసెంబరు 30న, నడి చలికాలంలో, డెన్వర్‌కు వాయవ్యాన మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చు వెయ్యికి పైగా ఇళ్లను బూడిద చేసింది. ఆ ఏడు శరదృతువంతా పొడిగానే గడిచి, మంచు దాదాపుగా పడలేదు. గట్టిగా పడింది మర్నాడే. అలాంటి కార్చిచ్చు రేగినప్పుడు గాలిలో ఎగిరొచ్చే నిప్పురవ్వకు గట్టర్‌లో ఎండిన పైన్ సూదులే చితుకులు. ఇది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

గట్టర్ దించే కప్పు మీది నీళ్లను పీపాలో పట్టుకోవడం కొలరాడోలో 2016 దాకా సాధారణ ఇళ్లకు చట్టవిరుద్ధం. ఆ నీటి మీద నది దిగువన నీటి హక్కులున్నవాళ్లకే అధికారమని అక్కడి చట్టం. ఇప్పుడు రెండు పీపాలకు, మొత్తం 416 లీటర్లకు అనుమతి ఉంది.

ఎప్పుడు శుభ్రం చేయాలి? ఆకులు పూర్తిగా రాలాక, అంటే నవంబరు మొదట్లో ఒకసారి. కాటన్‌వుడ్ చెట్ల దూది ఎగరడం ఆగాక, జూన్ చివర్లో ఇంకోసారి. వడగళ్లు పడితే ఆ వెంటనే ఓ చూపు చూడాలి. నిచ్చెనను గట్టర్ మీద ఆన్చకూడదు, రేకు వంగుతుంది. కింద ఒకరు పట్టుకోవాలి.

మొదటిసారి నేను ఎక్కినప్పుడు పైన ఎండాకులు, వాటి కింద పేడలాంటి నల్లటి బురద. వేళ్లతో నలిపి చూస్తే ఇసుక పలుకులు తగిలాయి, షింగిల్స్ నుంచి రాలినవి. ఆ బురదలో జానెడు ఎల్మ్ మొక్క మొలిచి ఉంది. తాపీతో ఎత్తి బకెట్లో వేస్తే మూడు బకెట్లు నిండాయి. తర్వాత హోస్ పెడితే నీళ్లు గొట్టం వంపు దగ్గర ఆగిపోయాయి. కింది నుంచి తీగ పెట్టి కుళ్లగిస్తే భళ్లున దిగాయి. మొదట నల్లగా, తర్వాత టీ రంగులో, కాసేపటికి తేటగా.