ఫోనులో పలుకు కంఠము ఎవరిది?

భారత పత్తి సంస్థకు పత్తి అమ్మిన రైతుకు వెల నోట్ల రూపమున చేతికి రాదు. బ్యాంకు ఖాతాలో జమ అగును. కంచికచర్ల వైపు రైతు ఒకడు అట్టి సొమ్ము కొరకు ఎదురుచూచుచున్నాడనుకొందము. హైస్కూలులో చదువుచున్న అతని కుమారుడు బ్యాంకు పేరునకు 'కస్టమర్ కేర్' అను మాట చేర్చి సెల్ ఫోనులో వెదకెను. ఒక నెంబరు దొరికినది. దానిని అక్కడ ఉంచినవాడు మోసగాడని బాలునికి తెలియదు.

"మీ నాన్నగారి ఖాతా ఆగిపోయింది బాబూ. అయిదు నిమిషాల్లో సరిచేస్తాం. ఫోనుకు ఆరంకెల నెంబరు వస్తుంది, చదివి చెప్పు" అని మర్యాదగల కంఠము పలికినది. బాలుడు చెప్పెను. రావలసిన సొమ్ము రాలేదు సరికదా, ఉన్న సొమ్ము కూడ పోయెను.

ఇది కల్పించిన ఉదాహరణమే. కాని ఇట్టి మోసములు మన ఊళ్లలో నిత్యము జరుగుచున్నవి. ఇందులో మోసగాడు బ్యాంకు తాళమును పగులగొట్టలేదని గమనింపుడు. ఆ ఆరంకెల సంఖ్యనే ఓటీపీ అందురు. 000000 మొదలు 999999 వరకు అట్టి సంఖ్యలు 10 లక్షలు కలవు. మూడుసార్లు ఊహించుటకు వీలిచ్చినను, దొంగ గెలుచు అవకాశము 10 లక్షలలో 3 మాత్రమే. పైగా ఆ సంఖ్య కొద్ది నిమిషములలో చెల్లిపోవును. ఒకసారి వాడిన పిదప మరల పనికిరాదు. ఒక్కసారి మాత్రమే చెల్లు రహస్యపదముల పద్ధతి నొకదానిని లెస్లీ లాంపోర్ట్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1981లో ప్రకటించెను. నేటి పద్ధతి వేరైనను భావము అదియే. లెక్కతో గెలువలేని దొంగ మాటతో గెలువజూచును.

మాటతో ఎట్లు గెలుచును? బ్యాంకునకు వెళ్లినపుడు భవనము, బోర్డు, ఉద్యోగులు, ఇవి యన్నియు అది బ్యాంకే యని సాక్ష్యమిచ్చును. ఫోనులో ఈ సాక్ష్యములు లేవు. కంఠము, నెంబరు మాత్రమే మిగులును. తెరపై కనబడు నెంబరును మార్చి చూపవచ్చును. మన పేరు, కార్డు చివరి అంకెలు చెప్పగలుగుటయు రుజువు కాదు. అట్టి వివరములు ఎన్నో చోట్ల నుండి బయటికి పొక్కును. మనము ఎవరమో రుజువు చేయుమని ఆ కంఠము అడుగుచున్నది. తానెవరో మాత్రము రుజువు చేయుట లేదు. మోసమంతయు ఈ ఒక్క లోపమున ఉన్నది.

ఈ లోపమునే పలువిధములుగ వాడుకొందురు. సొమ్ము తిరిగి ఇచ్చెదమని చెప్పి, కోడ్ చిత్రము పంపి, యూపీఐ పిన్ కొట్టింతురు. 2016లో వచ్చిన ఈ చెల్లింపు పద్ధతిలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మరికొందరు సహాయము పేరిట ఒక ఆప్‌ను ఫోనులో చేర్పింతురు. దానివలన మన తెర వారికి కనబడును. అపుడు ఓటీపీని మనము నోట చెప్పకున్నను వారు చదువుకొనగలరు. ఇట్టి ఆప్ ఒకదానిని గురించి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. ఈ రాత్రికే కరెంటు తీసివేయుదుమని తొందరపెట్టుట మరియొక పద్ధతి. తొందర ఆలోచనకు శత్రువు.

రక్షణ సులభము. ఫోను పెట్టివేయవలెను. పిమ్మట కార్డు వెనుక గాని, పాసుపుస్తకముపై గాని ముద్రించిన నెంబరునకు మనమే పిలువవలెను. లేదా శాఖకు వెళ్లవలెను. అపుడు దారిని ఎన్నుకొన్నది మనము, మోసగాడు కాదు. బ్యాంకుల పిలుపుల కొరకు 1600తో మొదలగు నెంబర్ల వరుస కేటాయింపబడినది. అయినను ఏ నెంబరు నుండి అడిగినను ఓటీపీ, పిన్ చెప్పరాదు.

సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. దొంగ సొమ్ము ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు నిమిషములలో పారును. 2021లో ఏర్పడిన వ్యవస్థ ద్వారా ఫిర్యాదు బ్యాంకులకు చేరును. ఇంకను ఖాతాలలో మిగిలియున్న సొమ్మును అవి నిలుపగలవు. ఆలస్యమైన కొలది మిగులునది తగ్గును. కంప్యూటరు సాధనముతో వేరొకరిగా నటించి మోసగించుటకు సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము క్రింద 3 సంవత్సరముల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు.

మరల మన బాలుని యొద్దకు వత్తము. తండ్రి కొట్టునేమో యని అతడు రాత్రి వరకు చెప్పకున్నచో, ఆ మౌనమే దొంగకు పెద్ద సహాయము. మోసపోవుట నేరము కాదు; దాచుట నష్టము. ఈ మాట ఉపాధ్యాయులు తరగతిలో స్పష్టముగ చెప్పవలెను. ఒక విద్యార్థిని బ్యాంకు ఉద్యోగిగ, మరియొకనిని ఖాతాదారుగ నిలిపి, "నీవెవరవో నాకు రుజువు ఏమి?" అను ప్రశ్న అడిగింపవలెను. ఆ ప్రశ్నను పిల్లలు ఇంటికి మోసికొనిపోయి అమ్మకు, తాతకు నేర్పినచో, పాఠము ఫలించినట్లే.