ఇంటి నీటిని పెరటికి మళ్ళించండి

ఆయుర్వేదం ఆరోగ్యాన్ని ఒక్క శరీరానికే పరిమితం చేయలేదు. చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం 'జనపదోద్ధ్వంసం' గురించి వివరిస్తుంది. వాయువు, ఉదకం, దేశం, కాలం అనే నాలుగూ దూషితమైనపుడు, వేర్వేరు ప్రకృతులు గల జనులు కూడా ఒకేసారి వ్యాధిగ్రస్తులవుతారని దాని సారాంశం. ఈ నాలుగింటిలో నీటిని, నేలను కాపాడే పని ప్రతి కుటుంబమూ తన పెరటిలోనే ప్రారంభించవచ్చు.

కుప్పం ప్రాంతవాసులకు నీటి విలువ వేరుగా చెప్పనవసరం లేదు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మెట్టసీమలో పాలారు ఏడాదిలో అధిక భాగం ఇసుకగానే కనిపిస్తుంది. బోరుబావులే చిరకాలంగా ఆధారం. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు కుప్పం చేరాయి. శ్రీశైలం జలాశయం నుండి 700 కిలోమీటర్లకు పైగా, పంపులతో ఎత్తిపోస్తే వచ్చిన నీరది. బోరు నీరైనా, కాలువ నీరైనా ఒక్కసారి వాడి మురుగుపాలు చేయడం తగదు.

గిన్నెలు కడిగిన నీరు, బట్టలు జాడించిన నీరు మొక్కలకు పోయవచ్చునా అనే సందేహం సహజం. ఆ నీటిలో మనం కలిపినదానిని బట్టి సమాధానం ఉంటుంది. బట్టల పొడులలో సోడియం లవణాలు అధికం. అవి నేలలో పేరుకొంటే మట్టి గట్టిపడి నీరు ఇంకదు. కొన్నింటిలోని ఫాస్ఫేట్లు చెరువుకు చేరితే నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. కనుక ముందుగా మార్చవలసినది సబ్బునే.

కుంకుడు కషాయం

సంస్కృతంలో అరిష్టకం అనే కుంకుడుకాయలో సపోనిన్లనే నురగనిచ్చే పదార్థాలున్నాయి. ఇవి నేలలో సులువుగా విచ్ఛిన్నమవుతాయి. గింజలు తీసిన 100 గ్రాముల పెచ్చులను లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం పావుగంట సేపు మరిగించి, చల్లారిన తరువాత పిసికి వడకట్టుకోవాలి. దీనితో గిన్నెలు తోమవచ్చు, బట్టలు ఉతకవచ్చు. పట్టుబట్టలకు ఇది ఎంతో శ్రేష్ఠం. మూడు రోజులకు మించి నిలువ ఉంచితే పులిసిపోతుంది.

చింతపండు, బూడిద

ఇత్తడి, రాగి పాత్రలకు పులుసు పిండిన చింతపండు పిప్పి చాలు. అందులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. జిడ్డు గిన్నెలకు జల్లించిన కట్టెల బూడిద మంచిది. బూడిదలోని క్షారం నూనెతో కలిసి సబ్బువలె పనిచేస్తుంది. అయితే అల్యూమినియం పాత్రలను బూడిదతో తోమరాదు. ఆ క్షారం లోహాన్ని తినివేస్తుంది.

ఏ నీరు ఏ మొక్కకు?

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు అన్ని మొక్కలకూ పనికివస్తుంది. ఇంట పశువులుంటే బియ్యం కడుగు కుడితికే చెందుతుంది. గిన్నెలు కడిగిన నీటిని గుడ్డతో వడకట్టి కరివేప, మునగ మొదళ్ళకు పోయాలి. స్నానపు నీటిని అరటి, కొబ్బరి పాదులకు మళ్ళించవచ్చు. బూడిద కలిసిన నీటిని రోజూ ఒకే పాదులో పోయరాదు. నేలలో క్షారగుణం పెరుగుతుంది.

జాగ్రత్తలు

వాడిన నీటిని ఆ రోజే మొక్కలకు పోయాలి. నిలువ ఉంటే దుర్వాసన, దోమలు తప్పవు. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి వంటి వాటికి ఈ నీరు వద్దు. పసిపిల్లల మలమూత్రపు గుడ్డలు ఉతికిన నీటిని, ఫినాయిలు కలిసిన నీటిని మొక్కలకు వాడరాదు. కుంకుడు నీరు కంట పడకుండా చూసుకోవాలి. దానిని చెరువులో కలిపితే చేపలకు హాని.

రోజుకు 15 లీటర్ల బకెట్లు రెండు మిగిల్చినా ఏడాదికి 10,950 లీటర్లవుతుంది. ఆ మేరకు మోటారు వేసే పని తగ్గుతుంది, బోరులో నీరు నిలుస్తుంది. వేసవిలోనూ కరివేపాకు, మునగాకు ఇంటనే లభిస్తాయి. మొదట ఒక్క బకెట్టుతో ప్రారంభించి, మొక్కల తీరును నెల రోజులు గమనించి, ఆపై క్రమంగా పెంచుకొనగలరు.