కుక్కపిల్లకు పెరటిదారి నేర్పుట

2022 ఆగస్టు నెలలో, గోదావరికి వరద వచ్చిన దినములలో, మా యింటికి ఏడు వారముల వయస్సుగల తెల్లని కుక్కపిల్ల ఒకటి వచ్చినది. దాని బరువు కిలోకు కొంచె మెక్కువ. పిల్లలు దానికి చిట్టి అని పేరు పెట్టిరి. మొదటి దినమున అది ఇంటిలో నాలుగుచోట్ల తడి చేసినది. రెండవ దినమున మేము లెక్కించుట మానితిమి. మూడవ దినమున పూజగది గడపయొద్ద చిన్న మడుగు కనబడగా మా అమ్మగారు, “ఇది ఇల్లా, పశువుల కొట్టమా? పదిహేను రోజులు చూస్తాను. ఆ తరువాత దాన్ని ఎక్కడ నుంచి తెచ్చారో అక్కడికే పంపించండి” అని నిర్ణయము చెప్పిరి.

ఆమె మాట అన్యాయమని మేము అనలేదు. ఉదయమున స్నానము చేసి మడికట్టుకొన్నవారికి ఇంటిలో అడుగు వేయు చోటు లేకపోయినది. కాని తిరిగి పంపుట అన్నది అంత తేలిక కాదు. తెచ్చినచోట మరల తీసుకొనువారు తక్కువ. అట్టి కుక్కపిల్లలు చేతులు మారి మారి, కడపట వీధిలో పడుట మనము చూచుచునే యున్నాము. మన ప్రాంతములలో పొమరేనియన్ అను పేరుతో అమ్మబడునవి చాలవరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఏ పేరు పెట్టినను ఈ చిన్నజాతులు ఇంటినీడను, మనచేతి ముద్దను నమ్ముకొన్నవి. వీధికుక్కల నడుమ అవి ఒక వారము బ్రతుకుట కష్టము.

కనుక పదిహేను దినములలో ఏదో ఒకటి చేయవలసి వచ్చినది. మేము మొదట చేసినది తప్పుపని. ఇరుగుపొరుగువారి సలహాపై, తడి చేసినచోటికి పిల్లను ఈడ్చుకొనిపోయి, దాని ముక్కును అక్కడ రుద్ది, చుట్టిన పత్రికతో ఒక దెబ్బ వేయుచు వచ్చితిమి. నాలుగు దినములు గడచునప్పటికి హాలులో మడుగులు కనబడుట మానినవి. మేము సంతోషించితిమి. ఆ సంతోషము బియ్యపు డబ్బా జరుపువరకే నిలిచినది. దాని వెనుక ఏమున్నదో వ్రాయనక్కరలేదు. చిట్టి నేర్చుకొన్నది ఇంటిలో చేయరాదని కాదు, మా కంటియెదుట చేయరాదని. ఇంకొక కష్టము కూడ వచ్చిపడినది. పెరటిలోనికి తీసుకొనిపోయినచో, మేము చూచుచున్నంతసేపు అది బిగపట్టుకొని నిలుచుండి, లోనికి రాగానే బీరువా చాటునకు పరుగెత్తుచుండెను. చేయి చాపినచో వెనుకకు జరుగుచుండెను. మాకు మిక్కిలి సిగ్గు కలిగించినది ఇదియే.

కారణము విచారించగా తెలిసినది ఇది. జంతువు ఒక పనిని, దాని ఫలితమును జతపరచుకొనవలెనన్నచో రెండింటికి నడుమ వ్యవధి క్షణకాలమే ఉండవలెను. గంట మ్రోతకును ఆహారమునకును గల సంబంధమును కుక్కలపై పరిశీలించిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవు కాలము నుండి ఇది తెలిసిన విషయమే. పది నిమిషముల క్రిందటి తడికి ఇప్పుడు దెబ్బ వేసినచో, పిల్లకు అర్థమగునది దెబ్బ వేసిన చేయి మాత్రమే. “అబ్బే, దానికి తెలుసునండీ, తప్పు చేసిన ముఖము పెట్టినది” అని మేమును అనుకొంటిమి. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు ఈ ముఖమును గూర్చియే ప్రయోగము చేసినది. తినవద్దన్న తినుబండారమును కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ ముఖమునకు సంబంధము కనబడలేదు. యజమాని కోపించిననాడు నిర్దోషి కూడ తల వంచి, చెవులు వెనుకకు వాల్చి, చూపు తప్పించినది. మనము అపరాధభావమని చదువుచున్నది భయమును మాత్రమే.

నిజమునకు కుక్కజాతి పుట్టుకతోనే శుభ్రత గలది. కన్నులు తెరవని పిల్లను తల్లి నాకినగాని అది విసర్జింపలేదు. ఆ మలినమును తల్లియే తొలగించి పడకను శుభ్రముగా ఉంచును. మూడు వారములు దాటి కాళ్లు నిలద్రొక్కుకొనగానే పిల్లలు పడకను విడిచి దూరముగా పోయి విసర్జింప మొదలిడును. ఎనిమిది తొమ్మిది వారముల వయస్సున కాలిక్రింద ఏది తగులునో, మట్టియో, గడ్డియో, సిమెంటు గచ్చో, దానిపైననే చేయుట అలవాటుగా స్థిరపడును. ఇంత గుణము దానియందే ఉండగా ఇంటిలో ఎందుకు చేయును? పిల్ల దృష్టితో చూచినచో సమాధానము దొరకును. జానెడు ఎత్తున్న ప్రాణికి దాని పడక ఉన్న మూల మాత్రమే ఇల్లు. అవతలి హాలు దానికి మైదానము. పడకను పాడుచేయక మైదానమునకు పోయి చేసితినని అది అనుకొనుచుండగా, మనము వచ్చి కొట్టుచున్నాము.

ఇక శరీరము సంగతి. ఈ వయస్సున మూత్రాశయము చిన్నది. దానిని బిగపట్టు కండరములపై పూర్తి స్వాధీనము ఇంకను రాలేదు. పిల్లకు ఎన్ని నెలలో అన్ని గంటలు, పైన ఇంకొక గంట ఆగగలదని పెంపకపువారిలో ఒక మోటు లెక్క కలదు. అది పడుకొని యున్నప్పటి లెక్క. ఆటలో ఉన్న రెండు నెలల పిల్ల గంటసేపైన ఆగదు. చిన్నజాతులలో ఈ గడువు ఇంకను తగ్గును. పెద్దజాతి పిల్లలు నాలుగైదు నెలలకు కుదురుకొన్నచోట, ఇవి ఎనిమిది నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము తీసుకొనుట వింత కాదు. ఇందులో మన దోషము కూడ లేకపోలేదు. పెద్దకుక్క చేసిన మడుగునకు ఇల్లంతయు లేచును. చిన్నకుక్క చేసిన చెంచాడు తడిని గుడ్డతో తుడిచి ఊరకుందుము. ఆ విధముగా అలవాటు ముదిరిపోవును.

విసర్జన వేళలు మాత్రము చెప్పినట్లే వచ్చును. నిద్ర లేవగానే, ఆహారము తిన్న అయిదు నిమిషములు మొదలు అరగంటలోపల, ఆట మధ్యలో, నిద్రకు పోవుటకు ముందు. కడుపులో ఆహారము పడగానే ప్రేగులు కదలుట శరీరధర్మము. ఇది గ్రహించిన పిదప మేము కర్ర మాని గడియారము పట్టుకొంటిమి. గడియారమనగా మా యింట రేడియోయే. ఉదయపు ప్రసారము మొదలగునప్పటి వాద్యము వినబడగానే ఒకరు చిట్టిని ఎత్తుకొని పెరటికి పోవలెను. ఎత్తుకొనియే పోవలెను. నడిపించినచో దారిలోనే పని ముగియును. వార్తలు కాగానే ఆహారము, దానివెంట పెరడు. మధ్యాహ్నము, సాయంకాలము, రాత్రి పడకకు ముందు కూడ ఇట్లే. పగటివేళ మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి. మొదటి వారము రాత్రి రెండు గంటలకు అలారము పెట్టి ఒకసారి లేచితిమి. ఈ వంతులు పెద్దలకే అప్పగించవలెను. పిల్లలు ఉత్సాహముగా ఒప్పుకొందురు గాని, రెండు గంటలకు లేవరు.

పెరటిలో ఏమి చేయవలెనన్నది కూడ కొంచెము చెప్పవలసియున్నది. ప్రతిసారి ఒకే చోటికి, మాకైతే అరటిచెట్టు ప్రక్కకు, తీసుకొనిపోయి, దింపి, కదలక నిలువవలెను. మాట్లాడరాదు, ఆడరాదు. పిల్ల నేలను వాసన చూచుచు గుండ్రముగా తిరిగి కూర్చుండును. ఆ సమయమున మెల్లగా ఒక మాట అనవలెను. కొన్ని వారములకు ఆ మాటయే ఆజ్ఞగా పనిచేయును. మేము మొదట “కానియ్యి” అను మాటను ఎన్నుకొని పొరపాటు పడితిమి. అది ఇంటిలో దినమునకు ఇరువదిసార్లు వినబడు మాట. తరువాత “పెరడు, పెరడు” అని మార్చుకొంటిమి. పని ముగిసిన క్షణముననే, అక్కడనే, మెచ్చుకొని చిన్న తినుబండారపు ముక్క పెట్టవలెను. లోనికి వచ్చిన తరువాత పెట్టినచో, అది లోనికి వచ్చినందుకు ఇచ్చిన బహుమానమగును. ఇంకొక సూక్ష్మము కలదు. పని కాగానే లోనికి తీసుకొనిరారాదు. అట్లు చేసినచో, పని ముగించినంతనే పెరటి విహారము ముగియునని గ్రహించి, పిల్ల కావలెననియే ఆలస్యము చేయును. రెండు నిమిషములు ఆడనిచ్చి రావలెను.

పిల్ల లోపల ఉన్నంతసేపు ఎవరో ఒకరి కంటి ముందుండవలెను. కనిపెట్టువారు లేనప్పుడు, అది లేచి తిరిగి పడుకొనుటకు మాత్రము చాలినంత చెక్కపెట్టెలోనో, చిన్న కంచె లోపలనో ఉంచవలెను. పడకను పాడుచేయరాదన్న దాని సహజగుణము అక్కడ మనకు సహాయపడును. అయితే దానిని గంటలకొలది మూసి పెట్టుట శిక్షణ కాదు, హింస. చుట్టు తిరుగుట, మూతి నేలకు ఆనించుట, ఆట మాని మూలకు పోవుట కనబడినచో మాట లేకుండ ఎత్తుకొనవలెను. కనిపెట్టునంతలోనే తడి జరిగినచో తుడువవలెను, అంతే.

తుడుచుట అనగా మన ముక్కునకు వాసన పోవుట కాదు. కుక్కముక్కు మన ముక్కుకంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైనది. పాతవాసన తగిలినచోటు దానికి శౌచస్థలమని ముద్ర వేసినట్లే. అమ్మోనియా గల ద్రవములతో తుడిచినచో వాసన ఇంకను పెరిగినట్లగును, ఏలయనగా మూత్రమున పుట్టు వాసన కూడ అదియే. మన ఇండ్లలోని నల్ల ఫినాయిలు తడిలో తిరిగి పిల్ల పాదములు నాకుకొన్నచో అది విషము. పశువైద్యపు మందుల దుకాణములలో ఎంజైములు గల ద్రవము దొరకును. మూత్రపదార్థములను విరుగగొట్టునది అదియే. మలమును మాత్రము ఏనాటికానాడు తీసివేయవలెను. కుక్కపిల్లలలో తల్లినుండియే ఏలికపాములు వచ్చుట సర్వసాధారణము. వాని గ్రుడ్లు నేలపై రెండు మూడు వారములు గడచినగాని అంటుకొను స్థితికి రావు. కొక్కెపు పురుగులకైతే వారము చాలును. పెరటిలో చెప్పులు లేక ఆడుకొను పిల్లలు గల ఇంటివారు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. పురుగుల మందు ఎప్పుడెప్పుడు ఇయ్యవలెనో పశువైద్యుని అడుగవలెను.

ఆహారము విషయమున మా మరియొక తప్పు బయటపడినది. ముద్దుకొలది దినమునకు మూడు గిన్నెల ఆవుపాలు పోయుచుంటిమి. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి కుక్కపిల్లలలో పాలు మరచినకొలది తగ్గును. దానితో విరేచనములు పట్టును. విరేచనము పట్టిన పిల్లకు ఏ శిక్షణయు ఎక్కదు. పాలు మానిన మూడవనాటికి చిట్టి తేరుకొన్నది. చిన్నజాతి పిల్లకు దినమునకు నాలుగుసార్లు కొంచెము కొంచెముగా, నియమితవేళలకు పెట్టవలెను. తడి తగ్గునని పస్తు పెట్టరాదు. వీనికి రక్తములో చక్కెర పడిపోయి సొమ్మసిల్లు ప్రమాదము కలదు. నీళ్లు ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను. నిద్రకు ముందు గంటసేపు గిన్నె తీసివేయవచ్చును. వేసవిలో అదికూడ వద్దు.

మేడలపై కాపురమున్నవారు మాకు పెరడెక్కడిదని అడుగవచ్చును. టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరుగు నేలపై దింపరాదు. 1978లో గుర్తింపబడిన పార్వో అను వ్యాధి క్రిమి మట్టిలో నెలలకొలది నిలిచియుండును. కనుక బాల్కనీలో మట్టి, గడ్డి వేసిన లోతులేని పళ్లెము ఉంచి, పైన చెప్పిన వేళలకే అక్కడ దింపవచ్చును. పత్రికలు పరచుట సులభమే గాని, కాగితమునకు అలవాటుపడిన పిల్ల నేలపై చదువుచు పెట్టిన నేటి పత్రికకును నిన్నటి పత్రికకును భేదము ఎరుగదు.

ఇంటికి వచ్చినవారిని చూచి పొర్లుచు తడి చేయునది వేరు సంగతి. అది విధేయతాభయముచేత కలుగునది. గద్దించినచో ఎక్కువగును. పట్టించుకొనక నిదానముగా పలకరించినచో వయస్సుతో పోవును. మాటిమాటికి చుక్కచుక్కగా పోయుచు, ముక్కుచు, రక్తము కనబడినచో అది అలవాటు కాదు, వ్యాధి. ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను.

పదునైదవ దినమున మా ఇంటిలో తడి పూర్తిగా ఆగలేదు. దినమునకు ఒకటికి దిగినది. అంతకు ముందు రెండు రాత్రులు పడక పొడిగా నున్నది. అమ్మగారు గడువు పొడిగించిరి, ఎంతవరకు అని చెప్పలేదు. చేతిని చూచి బెదరుట పోవుటకు మాత్రము నెలకు పైగా పట్టినది. అయిదవ నెలలో ఒక ఉదయమున చిట్టి తానుగా పెరటి తలుపుయొద్దకు పోయి, ఒకసారి గీరి, వెనుదిరిగి చూచినది. మిగిలినది వాన ఒక్కటే. గడ్డి తడిసినచో పొట్ట నేలకు తగులు ఈ చిన్నప్రాణి వసారా మెట్టు దిగదు. మేము మెట్టుప్రక్కన ఒక చెక్క వేసి, గొడుగు పట్టి అరటిచెట్టు వరకు తీసుకొనిపోవుదుము. ఆ గొడుగు పట్టువారు ఇప్పుడు మా అమ్మగారే.